‘గౌతమి’ నామం: గోదావరి తీర స్వచ్ఛంద సంస్థల పేరు మార్పులు, యువజన విద్య

వ్యాస సంగ్రహం

పంతొమ్మిదో శతాబ్ది చివరి దశకం నుండి గోదావరి తీరంలో వెలసిన స్వచ్ఛంద సంస్థలలో కొన్ని తమ జీవితకాలంలో పేరు మార్చుకున్నాయి. రాజమండ్రిలోని వసురాయ, రత్నకవి గ్రంథాలయాలు ఏకమై గౌతమీ గ్రంథాలయమయ్యాయి. సీతానగరంలోని గౌతమీ సత్యాగ్రహాశ్రమం కస్తూరిబా పేరు ధరించింది. మొదటిది వ్యక్తి నామం నుండి నది నామానికి, రెండవది నది నామం నుండి వ్యక్తి నామానికి జరిగిన మార్పు. ‘గౌతమి’ అనే పేరును కొవ్వూరు గోష్పాద క్షేత్ర ఐతిహ్యంతో అనుసంధించి ఈ రెండు మార్పులనూ పరిశీలించడం, పేరుతోపాటు యువజన విద్యలో వచ్చిన మార్పును గుర్తించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలక పదాలు: కొవ్వూరు, గౌతమి, గ్రంథాలయోద్యమం, సీతానగరం ఆశ్రమం, స్వచ్ఛంద సేవ, నామాంతరం, యువజన విద్య.

1. ఉపోద్ఘాతం

స్వచ్ఛంద సంస్థ పేరు మార్చుకోవడాన్ని నేటి నిర్వహణ శాస్త్రం ‘రీబ్రాండింగ్’ అంటున్నది. కొత్త చిహ్నం, కొత్త పేరు, కొత్త నినాదం దాని బాహ్య లక్షణాలు. మాట కొత్తదే కాని అది సూచించే క్రియ తెలుగు సమాజానికి కొత్తది కాదు. సంస్థ ఎవరిది, ఎవరి కోసం, ఎవరి ధనంతో నడుస్తుంది అనే ప్రశ్నలకు సభ్యులు ఇచ్చుకునే సమాధానం మారినప్పుడు పేరు మారడం ఇక్కడ శతాబ్దానికి పైగా జరుగుతున్నదే.

గోదావరి మండల సంఘ సంస్కరణ చరిత్ర రచనలో వ్యక్తుల జీవితాలకు దక్కిన చోటు సంస్థల పేర్లకు దక్కలేదు. కందుకూరి వీరేశలింగం 1906లో తన యావదాస్తిని సమర్పించి నెలకొల్పిన హితకారిణీ సమాజాన్ని చెప్పుకొనేటప్పుడు కూడా దాత త్యాగమే ప్రధానాంశమవుతుంది. దాత పేరు కాక ఉద్దేశాన్ని చెప్పే ‘హితకారిణి’ అనే పదం సంస్థకు శీర్షిక కావడం కూడా చరిత్రాంశమే. ఆస్తి ఒక వ్యక్తిదైనా సంస్థ ఆయన పేరున లేదు. దాత తదనంతరం కూడా సంస్థ నిలవాలనే ఆలోచన ఆ పేరులో కనిపిస్తుంది.

ఆ పరిశీలనను ఈ వ్యాసం మరి రెండు సంస్థలకు విస్తరిస్తుంది. రెండింటి చరిత్రలోనూ ‘గౌతమి’ అనే పేరు ఉంది. ఆ పేరు ఎక్కడిదో తెలుసుకోవాలంటే ముందు నదికి కుడి గట్టున ఉన్న కొవ్వూరుకు వెళ్ళాలి.

2. కొవ్వూరు, గౌతమి: పేరు వెనుక ఉన్న స్థలం

భూగోళ శాస్త్ర రీత్యా గౌతమి అంటే ధవళేశ్వరం దిగువన గోదావరి చీలగా తూర్పుగా పారే పాయ. పడమటి పాయ వశిష్ఠ. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట ఈ చీలిక దగ్గరే ఉంది. రాజమండ్రి, దానికి ఎదుట కొవ్వూరు, ఎగువన ఎడమ గట్టున సీతానగరం, ఈ మూడూ చీలికకు పైన, అఖండ గోదావరి ఒడ్డున ఉన్నాయి. గౌతమీ పాయ మీద వీటిలో ఏ ఊరూ లేదు. కనుక గ్రంథాలయానికీ ఆశ్రమానికీ పెట్టిన ‘గౌతమి’ పాయ పేరు కాజాలదు. అది మొత్తం నదికి పురాణం ఇచ్చిన పేరు.

బ్రహ్మపురాణాంతర్గతమైన గౌతమీ మాహాత్మ్యం గంగను గౌతమ మహర్షి భూమికి తెచ్చిన కథను చెబుతుంది. క్షామకాలంలో పదిమందికి అన్నం పెట్టిన మహర్షి పొలంలోకి ఒక మాయగోవు వస్తుంది. దర్భతో అదలించగానే అది నేలకూలుతుంది. ఆ గోహత్యా దోషం పోగొట్టుకోవడానికి ఆయన శివుని జటాజూటం నుండి గంగను రప్పిస్తాడు. పురాణం ఈ ఘట్టాన్ని నది పుట్టిన బ్రహ్మగిరి ప్రాంతంతో ముడిపెట్టగా, కొవ్వూరు స్థలపురాణం గోవు పడిన చోటును తన ఒడ్డుకు తెచ్చుకున్నది. గోష్పాద క్షేత్రం అనే పేరు, గోవూరే కొవ్వూరయిందనే జనవ్యుత్పత్తి ఆ సంప్రదాయంలోనివే. పన్నెండేళ్ళకొకసారి వచ్చే పుష్కరాలలో గోష్పాద రేవుకు చేరే జనానికి ఈ కథ పరిచితమే.

స్థలపురాణం చరిత్రకు ఆధారం కాకపోయినా, పేర్ల చరిత్రలో దానికి విలువ ఉంది. ఈ కథలో నది ఏ రాజు కట్టించినదీ కాదు, ఏ వంశం సొత్తూ కాదు. ఆకలి వేళ అన్నం పెట్టిన మనిషి చేసిన పొరపాటుకు పరిహారంగా వచ్చి, ఆపైన అందరిదీ అయింది. ఒక సార్వజనిక సంస్థకు ఇంతకన్న అనువైన పేరు ఈ తీరంలో దొరకదు.

ఇదే కాలంలో పాలన విభాగాల పేర్లు కూడా మారుతూ వచ్చాయి. 1904లో పడమటి గట్టు కృష్ణా జిల్లాలో చేరింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి, మిగిలిన గోదావరి జిల్లా తూర్పు గోదావరి అయింది. అంటే గౌతమీ గ్రంథాలయం రూపుదిద్దుకుంటున్నప్పుడు ఎదురెదురు గట్లనున్న రాజమండ్రి, కొవ్వూరు రెండు వేర్వేరు జిల్లాలవి. అయితే 1900లో నదిపై తొలి రైలు వంతెన వచ్చినందువల్ల విద్యార్థికి, పాఠకునికి ఆ సరిహద్దు పెద్ద అడ్డంకి కాలేదు. జిల్లా పేరు రెండు గట్లను విడదీసిన కాలంలో నది పేరు మాత్రం రెంటికీ చెల్లింది. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో కొవ్వూరు, రాజమండ్రి కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చింది.

3. వసురాయ, రత్నకవి నుండి గౌతమికి

నాళం కృష్ణారావు 1881లో జన్మించాడు. రాజమండ్రిలో వసురాయ గ్రంథాలయాన్ని 1898లో స్థాపించాడు. అప్పటికి ఆయన వయస్సు పదిహేడు సంవత్సరాలు. ఆంధ్ర గ్రంథాలయోద్యమ చరిత్రలో ఈ వయస్సును కేవలం విశేషంగా చెప్పి వదిలేయడం పరిపాటి. నిజానికి సంస్థ స్వభావాన్ని నిర్ణయించిన అంశం అదే. యువకుల కోసం పెద్దలు పెట్టిన గ్రంథాలయం కాదది. ఒక యువకుడు చేపట్టినది. పుస్తకాలు సేకరించడం, జాబితా రాయడం, ఇచ్చిన పుస్తకం తిరిగి రాబట్టడం, చందా అడగడం, లెక్క చూపడం వంటివి బడిలో చెప్పని చదువు. వీరేశలింగం బోధనల ప్రభావంలో పెరిగిన కృష్ణారావు తరువాత ‘మానవసేవ’ పత్రికను నడపడానికి ఈ అనుభవం పునాది అయిందని ఊహించడం అసమంజసం కాదు.

గ్రంథాలయానికి పెట్టిన పేరు వడ్డాది సుబ్బారాయుడిది (1854–1938). పండితుడు, అధ్యాపకుడు, కవి అయిన ఆయనను లోకం ‘వసురాయ కవి’ అన్నది. బతికి ఉన్న గురువు పేరు పెట్టడం గురుభక్తికి గుర్తు. అది ఒక నమ్మకపత్రం కూడా. పదిహేడేళ్ళ కుర్రవాడు పుస్తకం అడిగితే ఇవ్వడానికి సంకోచించే ఇంటివారు, పంతులుగారి పేరున నడిచే సంస్థకు ఇవ్వడానికి వెనుకాడరు. ఆ దశలో వ్యక్తి నామం సంస్థకు పరపతి.

అద్దంకి సత్యనారాయణ శర్మ స్థాపించిన రెండవ గ్రంథాలయం మహామహోపాధ్యాయ కొక్కొండ వేంకటరత్నం పంతులు (1842–1915) పేరున వెలసింది. ‘రత్నకవి’ అనగా ఆయనే. ‘ఆంధ్ర భాషా సంజీవని’ సంపాదకుడైన కొక్కొండకూ, ‘వివేకవర్ధని’ నడిపిన వీరేశలింగానికీ పత్రికాముఖంగా సాగిన వాదోపవాదాలు ఆధునిక సాహిత్య చరిత్ర విద్యార్థులకు తెలిసినవే. భాషలోను, సంస్కరణలోను ఇద్దరి మార్గాలు వేరు. ఒకే పట్టణంలో వీరేశలింగం అనుయాయి నడిపే గ్రంథాలయం ఒకటి, ఆయన ప్రతివాది పేరు ధరించిన గ్రంథాలయం ఒకటి ఉన్నప్పుడు, పుస్తకాలలో ఎంత సామ్యమున్నా పాఠకుడు ఏ గడప తొక్కాడనే దానికి ఒక అర్థం ఏర్పడుతుంది.

1920 ప్రాంతంలో రెండూ కలిసి గౌతమీ గ్రంథాలయమయ్యాయి. విలీనంలో సాధారణంగా పెద్ద సంస్థ పేరు నిలిచి చిన్నదాని పేరు పోతుంది, లేదా రెండు పేర్లూ జంటగా మిగులుతాయి. ఇక్కడ రెండు పేర్లూ తొలగి మూడవది వచ్చింది. ఏ గురువూ ఓడలేదు, ఏ గురువూ గెలవలేదు. నది పేరు పెట్టడంలోని వివేకం ఇదే. పరపతి కోసం తొలినాళ్ళలో అవసరమైన వ్యక్తి నామం, సంస్థకు స్వంత పరపతి ఏర్పడిన తరువాత ఎదుగుదలకు హద్దు అవుతుంది. ఆ హద్దును గుర్తించి స్వయంగా పేరు వదులుకున్న సంస్థలు అరుదు.

ఈ మార్పునకు విశాలమైన నేపథ్యం కూడా ఉంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగిన సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. దాని నిర్మాత అయ్యంకి వెంకటరమణయ్య గోదావరి మండలంలోని కొంకుదురు వాడు. గ్రంథాలయం ఒక పండితుని స్మారకంగానో, దాత కీర్తిగానో కాక, జనం చదువుకునే పౌరసంస్థగా ఉండాలనే భావన ఈ సంఘంతో బలపడింది. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి నుండి కొల్లూరు వరకు కృష్ణా కాలువపై నడిపించిన నౌకా గ్రంథాలయం ఆ భావనకు పరాకాష్ఠ. గౌతమి అనే పేరు ఈ భావనకు అనుగుణమైనది.

తరువాతి కాలంలో గ్రంథాలయాలు చట్టపరిధిలోకి వచ్చాయి. 1948 నాటి మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం గ్రంథాలయ పన్నుకు, జిల్లా గ్రంథాలయ సంస్థలకు మార్గం వేశాయి. 1970వ దశకం చివర గౌతమీ గ్రంథాలయం ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చి ప్రాంతీయ గ్రంథాలయమైంది. అరుదైన ముద్రిత గ్రంథాలు, పాత పత్రికలు, తాళపత్రాలు పరిశోధకులకు నేటికీ దొరుకుతున్నాయంటే ఈ స్వీకారం చేసిన మేలు తక్కువది కాదు. కాని 1898 నాటి యువకుడు చేసిన పనులన్నీ ఉద్యోగుల విధులయ్యాయి. యువకుడు పాఠకుడుగా మిగిలాడు, నిర్వాహకుడుగా మిగలలేదు.

4. గౌతమి నుండి కస్తూరిబాకు

డాక్టర్ బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యం 1924లో సీతానగరంలో గౌతమీ సత్యాగ్రహాశ్రమాన్ని స్థాపించాడు. మద్దూరి అన్నపూర్ణయ్య, క్రొవ్విడి లింగరాజు వంటి యువకులు ఆయనకు తోడయ్యారు. గాంధీజీ నిర్మాణ కార్యక్రమం ఆశ్రమ జీవితానికి ఆధారం. ఆశ్రమంతో పెనవేసుకుని నడిచిన ‘కాంగ్రెసు’ పత్రిక ఆశ్రమవాసులకు రాజకీయ విద్య. అల్లూరి సీతారామరాజుకు సహపాఠియైన అన్నపూర్ణయ్య ఈ పత్రిక ద్వారా జైలు శిక్షలు కొనితెచ్చుకున్నాడు.

ఆశ్రమం పేరులో రెండు పదాలున్నాయి. ‘గౌతమి’ స్థలాన్ని చెబుతుంది, ‘సత్యాగ్రహం’ పద్ధతిని చెబుతుంది. సబర్మతి ఆశ్రమం తొలి పేరు కూడా సత్యాగ్రహాశ్రమమే కావడం గమనార్హం. అంటే అఖిల భారత నమూనాకు స్థానిక నది పేరు తోడైంది. యువకుడు ఇక్కడ నేర్చినది ఒక వృత్తి కాదు. నూలు వడకడం, ఊళ్ళు తిరగడం, పత్రిక అమ్మడం, అరెస్టుకు సిద్ధపడడం, ఇవి కలిసిన జీవన శిక్షణ. శాసనోల్లంఘన కాలంలో ఆశ్రమం పోలీసు నిర్బంధానికి గురైంది. పేరులోని రెండవ పదం అలంకారం కాదని ఆ రోజులు రుజువు చేశాయి.

1944 ఫిబ్రవరి 22న ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగానే కస్తూరిబా మరణించారు. గాంధీజీ 75వ జన్మదినాన్ని పురస్కరించుకుని ఆమె స్మారకానికి 75 లక్షల రూపాయలు సేకరించాలని సంకల్పించారు. ఆ నిధితో ఏర్పడినదే కస్తూరిబా గాంధీ జాతీయ స్మారక ట్రస్టు. నిధి గ్రామాలలోని స్త్రీలకు, పిల్లలకు వినియోగపడాలనేది, పనిచేసేవారు స్త్రీలే కావాలనేది గాంధీజీ పట్టుదల. సీతానగరం ఈ ట్రస్టు ఆంధ్ర శాఖకు కేంద్రమైంది. ఆశ్రమం కస్తూరిబా ఆశ్రమంగా వ్యవహారంలోకి వచ్చింది. గ్రామసేవికల శిక్షణ, బాలవాడి, స్త్రీ శిశు సంక్షేమం దాని కార్యక్రమాలయ్యాయి.

ఇక్కడ మార్పు దిశ గౌతమీ గ్రంథాలయానికి పూర్తిగా వ్యతిరేకం. నది పేరు పోయి వ్యక్తి పేరు వచ్చింది. స్థానిక సంస్థ జాతీయ సంస్థకు శాఖ అయింది. ‘సత్యాగ్రహం’ పోవడం కూడా కాలానుగుణమే. స్వరాజ్యం చేరువైన వేళ ఎదిరించే పద్ధతి కన్న నిర్మించే పనికి ప్రాధాన్యం పెరిగింది. అయితే దీనిని నష్టంగా మాత్రమే చూడడం సరికాదు. పూర్వపు ఆశ్రమ చరిత్రలో ముందుకు వచ్చే పేర్లు ప్రధానంగా పురుషులవి. కొత్త పేరు వెంట గ్రామీణ యువతి విద్యార్థినిగా, ఆపైన సేవికగా సంస్థ కేంద్రంలోకి వచ్చింది. వ్యక్తి నామం ఇక్కడ ప్రవేశార్హతను విస్తరింపజేసింది.

5. కాకినాడ నుండి రెండు పోలికలు

ఈ రెండు ఉదాహరణలను డెల్టాలోని మరి రెండింటితో పోల్చవచ్చు. 1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెసు మహాసభ సందర్భంగా ఎన్.ఎస్. హర్డీకర్ కృషితో అఖిల భారత వాలంటీరు సంస్థ రూపుదిద్దుకున్నది. హిందుస్తానీ సేవాదళ్‌గా ప్రసిద్ధమైన ఆ సంస్థ యువకులకు క్రమశిక్షణ, కవాతు, జనసమ్మర్ద నిర్వహణ నేర్పింది. 1931లో కాంగ్రెసు నేరుగా దానిని తన అంగంగా చేసుకున్న తరువాత కాంగ్రెస్ సేవాదళ్‌గా నిలిచింది. పేరులో దేశం స్థానే పక్షం వచ్చి చేరడం, స్వతంత్ర శిక్షణ సంస్థ అనుబంధ సంస్థ కావడం ఏకకాలంలో జరిగాయి.

అదే మహాసభలో పద్నాలుగేళ్ళ వాలంటీరు దుర్గాబాయి ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను ఆపిన ఉదంతం సుప్రసిద్ధం. రాజమండ్రిలో 1909లో పుట్టిన ఆమె అప్పటికే కాకినాడలో బాలికా హిందీ పాఠశాల నడుపుతున్నది. నాళం కృష్ణారావు వలె ఆమె కూడా కౌమారంలోనే సంస్థా నిర్వాహకురాలు. మద్రాసులో ఆమె ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అనే బాలికల సంఘాన్ని నడిపింది. 1937లో ఏర్పడిన ఆంధ్ర మహిళా సభకు అదే బీజం. ఇంగ్లీషు పేరు గల ఆటపాటల సంఘం, చదువు మధ్యలో ఆగిన స్త్రీలను కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారుచేసే సంస్థగా ఎదిగినప్పుడు పాత పేరు చాలలేదు. ‘ఆంధ్ర’ అనే పదం మద్రాసులోని తెలుగువారిని, ‘మహిళ’ అనే పదం బాలిక నుండి వయోజన స్త్రీ వరకు అందరినీ, ‘సభ’ అనే పదం చర్చించి నిర్ణయించే అధికారాన్ని సూచించాయి. పని ముందు మారి, పేరు తరువాత మారిన సందర్భమిది.

6. పేరు, ఉద్దేశం, చట్టం

వ్యక్తి, నది, పద్ధతి, జనసముదాయం కాక సంస్థలకు మరొక నామకరణ విధానం ఉంది. కొవ్వూరులోని ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం దానికి ఉదాహరణ. తెలుగు, సంస్కృతం అనే రెండు విద్యలను చెప్పడమే ఆ పేరు చేసే పని. దాత ఎవరో, స్థలం ఏదో అది చెప్పదు. బోధించేది మారనంత కాలం ఇలాంటి పేరు మార్చవలసిన అవసరం రాదు. బోధన మారితే మాత్రం పేరు వెంటనే ప్రశ్నకు గురవుతుంది. సంస్థను జవాబుదారీ చేసే గుణం ఈ రకపు పేరులో ఎక్కువ.

బ్రిటిషు కాలపు 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ఈ విషయంలో ఒక సూక్ష్మాన్ని గ్రహించింది. దాని 12వ నిబంధన ప్రకారం సంఘం తన ఉద్దేశాలను మార్చుకోవాలన్నా, మరొక సంఘంలో విలీనం కావాలన్నా ప్రతిపాదనను ముందుగా సభ్యులందరికీ పంపాలి. ప్రత్యేక సమావేశంలో అయిదింట మూడు వంతుల సభ్యులు అంగీకరించాలి. నెల వ్యవధి తరువాత రెండవ సమావేశం అంతే ఆధిక్యంతో ధ్రువీకరించాలి. ఉద్దేశం మారడం తొందరలో జరగకూడదనేది ఇందలి ఆంతర్యం. ఆ నెల వ్యవధి సభ్యులు మాట్లాడుకోవడానికి ఇచ్చిన గడువు. సంస్థ పేరు, చిహ్నం మార్చే ఆలోచన వచ్చినప్పుడు చట్టం అడిగినా అడగకపోయినా ఈ గడువును పాటించదగిన కారణం పై ఉదాహరణలలో ఉంది. పేరు మార్పు వెనుక తరచుగా ఉద్దేశం మార్పు ఉంటుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలివి.

1. రాజమండ్రి, సీతానగరం సంస్థలు స్వీకరించిన ‘గౌతమి’ నదీపాయ పేరు కాదు, అఖండ నదికి గల పౌరాణిక నామం. ఆ నామాన్ని ఈ తీరానికి అత్యంత సన్నిహితం చేసిన ఐతిహ్యం కొవ్వూరు గోష్పాద క్షేత్రానిది.

2. వ్యక్తి నామం నుండి నది నామానికి మారిన గౌతమీ గ్రంథాలయంలో రెండు గురుపరంపరల పాఠకులు ఒకచోట చేరారు. నది నామం నుండి వ్యక్తి నామానికి మారిన సీతానగరంలో గ్రామీణ స్త్రీలకు ప్రవేశం విస్తరించింది. కనుక ఏ రకపు పేరు మేలైనదనే ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. మార్పు వల్ల కొత్తగా లోనికి వచ్చినవారు ఎవరనేదే కొలమానం.

3. గ్రంథాలయం ప్రభుత్వానికి, ఆశ్రమం జాతీయ ట్రస్టుకు, వాలంటీరు సంస్థ రాజకీయ పక్షానికి చేరాయి. ఈ చేరిక వాటికి ఆయుష్షు పోసింది. అదే సమయంలో నిర్ణయాధికారం స్థానిక యువజనుల చేతి నుండి దూరమైంది.

4. నాళం కృష్ణారావు పదిహేడేళ్ళకు, దుర్గాబాయి పద్నాలుగేళ్ళ లోపు సంస్థలు నడిపారు. ఆనాటి యువజన విద్యలో శ్రేష్ఠమైన భాగం పాఠ్యాంశం కాదు, బాధ్యత. చందాల పద్దు, పుస్తకాల జాబితా, ద్వారం దగ్గర కాపలా వారికి పాఠాలయ్యాయి.

గోదావరి జిల్లాలలోని స్వచ్ఛంద సంస్థలు నేడు కూడా కొత్త పేర్లతో, చిహ్నాలతో యువజన విద్యా కార్యక్రమాలను ప్రకటిస్తున్నాయి. వాటిలో యువకుల స్థానం ఎక్కువగా శిక్షణ పొందేవారిదే. కార్యవర్గంలో, లెక్కల పుస్తకం దగ్గర, పేరు మార్చాలా వద్దా అని ఓటు వేసే సమావేశంలో వారు ఎందరున్నారో సంస్థల మినిట్సు పుస్తకాలు చెప్పగలవు. గ్రామ, పట్టణ సంస్థల మినిట్సు పుస్తకాలను సేకరించి భద్రపరచడం, వాటి ఆధారంగా ఈ ప్రశ్నను పరీక్షించడం చరిత్ర పరిశోధకులు ఇకముందు చేపట్టవలసిన పని.